ఉదయగిరి కొండకు రోడ్డెందుకు?

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం పేరెత్తితే చాలు, 1514లో కృష్ణదేవరాయలు గెలిచాడని చెప్పేసి మనవాళ్లు ఊరుకుంటారు. ఆ గెలుపుకు దాదాపు ఏడాదిన్నర పట్టిందన్న మాట వాక్యం చివర్లో వచ్చి పోతుంది. నాకైతే అసలు చరిత్రంతా ఆ ఏడాదిన్నరలోనే ఉందనిపిస్తుంది.

ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న ఈ కోటలో 10 వేల కాల్బలం, 400 గుర్రాలు ఉండేవని న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాశాడు. అంకెల్లో అటూఇటూ ఉండొచ్చు. కానీ ఆయన రాసిన ఇంకో సంగతిని కొండ చూసినవాళ్లెవరూ కాదనలేరు: పైకి ఒకటే దారి, అదీ మనిషి వెనక మనిషి నడవాల్సినంత ఇరుకు. రాయలు దాన్ని వెడల్పు చేయించాడట. మూడు వేల అడుగుల కొండ, నిలువు చరియలు. అక్కడ ఏనుగులేం చేస్తాయి? గడ్డపారలకే పని.

బుద్ధి గడ్డి తిని నేను ఎండాకాలంలో ఎక్కాను. రెండు లీటర్ల నీళ్లు సగం దారికే ఖాళీ. పైన ఒక కోనేటి గట్టున కూలబడ్డాక గానీ, అంతమంది అన్నాళ్లు దేన్ని నమ్ముకుని నిలబడ్డారో తెలిసిరాలేదు.

తర్వాతి కథ గబగబా చెప్పుకోవచ్చు. ఇక్కడి బాలకృష్ణుణ్ణి రాయలు హంపికి తీసుకెళ్లి, 1515లో కొత్త గుడిలో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గోల్కొండ ఏలుబడిలో కొండ మీద మసీదు వెలిసింది. ఆర్కాటు నవాబుల కాలానికి కోట జాగీరైంది. 1839లో తమ మీద బయటపడ్డ కుట్రలో ఉన్నాడని ఈస్టిండియా కంపెనీవాళ్లు చివరి జాగీర్దారును చెంగల్పట్టుకు పంపేశారు. ఒకప్పుడు ఇక్కడ 365 గుళ్లుండేవని ఊళ్లో చెబుతారు, లెక్కపెట్టినవాళ్లు మాత్రం నాకు తగల్లేదు.

కొండ మీదికి ఘాట్ రోడ్డు వేస్తే టూరిస్టులు ఎగబడతారన్న వాదన ఉంది. నాకది గిట్టదు. ఎక్కడం కష్టం కాబట్టే దీన్ని దుర్గం అన్నారు. కారు నేరుగా పైకి వెళ్తే మిగిలేవి నాలుగు మొండిగోడలు, సెల్ఫీలు. ముందు కోనేళ్లలో పూడిక తీయాలి. గుప్తనిధుల పిచ్చోళ్లు తవ్విన గుంతలు పూడ్చి, కాపలా పెట్టాలి. పాత మెట్లను ఉన్నవి ఉన్నట్టే సరిచేసి, సగం దారిలో తాగునీళ్లు పెట్టిస్తే చాలు.