ఆ వీధి ఖాళీ కావడానికి కారణం బాంబు కాదు

మద్రాసు జార్జిటౌన్‌లోని తంబుచెట్టి వీధిని రెండో ప్రపంచయుద్ధ కాలంలో చూపిస్తూ మీ వ్యాసంలో వేసిన నీటిరంగుల బొమ్మ అద్భుతం. తాళాలేసిన దుకాణాలు, మధ్యలో ఒకే ఒక్క రిక్షా. కానీ 'జపాన్ బాంబులకు జనం పారిపోయాక గీసిన 1942 నాటి చిత్రం' అని వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. మద్రాసు మీద జపాన్ విమానం బాంబులు వేసింది 1943 అక్టోబర్‌లో. ఊరు ఖాళీ అయింది అంతకుముందే, 1942 ఏప్రిల్‌లో. కొలంబో తర్వాత విశాఖ, కాకినాడల మీద కూడా దాడి జరగడంతో ఇక మనవంతే అనుకున్నారు. పెద్దవాళ్ళకు 1914లో ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద పేల్చిన గుళ్ళు ఇంకా గుర్తే. అత్యవసరమైన పని లేనివాళ్ళను ప్రభుత్వమే వెళ్ళిపొమ్మంది, హైకోర్టు కోయంబత్తూరుకు మారింది. మా అమ్మమ్మ వాళ్ళు నెల్లూరు రైలెక్కేశారు. బాంబు పడితే తప్పించుకుంటాయేమోనన్న భయంతో జూలోని క్రూరమృగాలను ముందే కాల్చేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆంధ్రపత్రిక ఆఫీసు కూడా ఆ వీధిలోనే ఉండేది. మన తెలుగువాళ్ళకు అంత దగ్గరి వీధి కాబట్టే ఇంతగా చెబుతున్నాను. బొమ్మలో కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించి ఉంది, గమనించారా? శత్రు విమానాలకు వెలుతురు కనబడకుండా దీపాలు కప్పేసిన బ్లాకౌట్ రోజుల గుర్తు అది. దాని గురించి రెండు మాటలు చేర్చి, ఆ బాంబు వాక్యం మార్చండి.