నీడపట్టున ఉన్నా వడదెబ్బే

ఏప్రిల్ రాగానే మన ఫోన్లకు ఒకే తరహా మెసేజ్‌లు మొదలవుతాయి. రేపు మీ మండలంలో తీవ్ర వడగాడ్పులు, మధ్యాహ్నం పూట బయటకు రావద్దు, వృద్ధులు మరింత జాగ్రత్తగా ఉండాలి అని. సలహా మంచిదే. కానీ వృద్ధాశ్రమంలో పై అంతస్తు గదిలో ఉంటూ, మంచం దిగడానికే మనిషి సాయం కావలసిన ఎనభై ఏళ్ల పెద్దాయనకు దానివల్ల ఒరిగేదేమిటి? ఆయన బయటకు వెళ్లి ఎన్నాళ్లో అయింది. పగలంతా కాలిన స్లాబు రాత్రి పదకొండింటికి కూడా సెగలు కక్కుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. ఆయనకు వడదెబ్బ తగలడానికి రోడ్డెక్కాల్సిన పనే లేదు.

2015 మే నెల వడగాడ్పులను తెలుగు రాష్ట్రాలు అంత తేలిగ్గా మరచిపోలేవు. అధికారిక లెక్కల ప్రకారమే ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో వృద్ధులు, కూలీలే ఎక్కువని అప్పట్లో అధికారులే చెప్పారు. ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ వేసవి కార్యాచరణ ప్రణాళికలు తయారు చేసుకున్నాయి. చలివేంద్రాలు పెరిగాయి, ఉపాధి హామీ పనివేళలు మారాయి. తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బ మృతుల కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 2025లో రూ.4 లక్షలకు పెంచింది. ఇవన్నీ హర్షించదగినవే. అయితే వీటిలో చాలావరకు ఎండన పడి తిరిగేవాళ్ల కోసం ఉద్దేశించినవి. నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లు క్షేమమే అన్న నమ్మకం ఈ ఏర్పాట్లన్నిటి వెనకా ఉంది. ఆ నమ్మకం తప్పని మన కంటే ముందు దెబ్బతిన్న దేశాలు చెబుతున్నాయి.

2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వేడిగాడ్పులకు సుమారు 15 వేల మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ముసలివాళ్లు. ఇళ్లల్లో, వృద్ధాశ్రమాల్లో, ఆస్పత్రి మంచాల మీద ప్రాణాలు విడిచారు. సెలవుల కాలం కావడంతో కుటుంబాలు ఊళ్లో లేవు, సిబ్బంది పలుచబడ్డారు. దాంతో కళ్లు తెరిచిన ఆ దేశం, ప్రతి వృద్ధాశ్రమంలో కనీసం ఒక్క చల్లటి గదైనా ఉండి తీరాలని నిబంధన పెట్టింది. 2017 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో తుపాను వల్ల ఒక నర్సింగ్‌హోమ్‌లో ఏసీలు ఆగిపోయాయి. వీధికి అవతల పెద్దాస్పత్రి ఉంది. అయినా సకాలంలో తరలించక పన్నెండు మంది మరణించారు. ఆ మరుసటి ఏడాది నుంచి అక్కడి వృద్ధుల కేంద్రాల్లో, కరెంటు పోయినా నాలుగు రోజులపాటు గదులు 27 డిగ్రీలు దాటకుండా చూసే జనరేటరు తప్పనిసరి అయింది. డబ్బున్న దేశాల సంగతి వేరు అనవచ్చు. నిజమే. కానీ ఒక్క గదిని చల్లగా ఉంచడం డబ్బున్న దేశాలు మాత్రమే చేయగల పనేమీ కాదు.

మన ఆశ్రమాల్లో వేసవి మధ్యాహ్నం ఎలా గడుస్తుందో ఒక్కసారి దగ్గరగా చూడాలి. భోజనాలయ్యాక ఆయా వచ్చి ప్రతి మంచం పక్కనా స్టీలు గ్లాసుతో మజ్జిగ పెట్టి, మూత వేసి వెళుతుంది. నాలుగింటికి మళ్లీ వచ్చేసరికి సగం గ్లాసులు అలాగే ఉంటాయి. ‘తాగమంటే తాగరండీ’ అని ఆమె ఫిర్యాదు. ఎందుకు తాగరు? ముసలితనంలో దాహం సరిగా తెలియదన్నది వైద్యులు చెప్పే కారణం. అది నిజం. అంతకంటే పెద్ద కారణం బాత్రూమ్. తాగితే వెళ్లాలి. వెళ్లాలంటే మోకాళ్లు లేవాలి, వరండా చివరిదాకా నడవాలి, తడి బండల మీద జారకుండా చూసుకోవాలి, కింద కూర్చునే దొడ్డి అయితే లేవదీయడానికి ఇంకో మనిషి కావాలి. రాత్రి పూట ఆయాను నిద్ర లేపాలంటే మొహమాటం. ఆలోగా పక్క తడిస్తే పదిమందిలో సిగ్గు. ఇవన్నీ ఎందుకని, సాయంత్రం ఐదు తర్వాత గుక్కెడు నీళ్లు కూడా ముట్టుకోని మామ్మలు ప్రతి ఆశ్రమంలో ఉంటారు. వాళ్లకు నీళ్లు తాగండి తాగండి అని పోస్టరు అంటించి లాభం లేదు. మంచానికి పక్కన కమోడ్ కుర్చీ, గోడకు పట్టుకునే రాడ్డు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు, పిలిస్తే విసుక్కోకుండా వచ్చే మనిషి ఉంటే ఆ మజ్జిగ గ్లాసు దానంతటదే ఖాళీ అవుతుంది.

అందరికీ ఒకే కొలత పెట్టడం కూడా ప్రమాదమే. గుండె నీరసించినవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు నీళ్లకు పరిమితి చెబుతాడు. బీపీ ఉన్నవాళ్లకు ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఎంతెంత ఇవ్వాలో అడిగి తెలుసుకోవాలి. మరోవైపు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, కొన్ని మానసిక జబ్బుల మందులు ఎండాకాలంలో శరీరం వేడిని తట్టుకునే శక్తిని దెబ్బతీస్తాయి. చెమట తగ్గిపోతుంది, నీరు మరీ తగ్గిపోయి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఆ మందులను ఎవరికి వారు ఆపేయకూడదు. వేసవికి ముందు డాక్టరు ఒకసారి అందరి చీటీలు తిరగేసి, మోతాదులు చూడాలి. ఒక పూట పని. ఇక ఇన్సులిన్ సంగతి సరేసరి. తెరవని సీసాలను ఫ్రిజ్‌లోనే ఉంచాలి. గంటల తరబడి కరెంటు పోతే అందులోని మందు ఏమవుతోందో చూసుకునేవాళ్లు ఉండాలి.

వృద్ధుల్లో వడదెబ్బను గుర్తు పట్టడం కష్టం. నిన్నటిదాకా కాలక్షేపానికి పేకాడిన పెద్దాయన ఇవాళ పొంతన లేకుండా మాట్లాడితే, మత్తుగా పడుకుంటే, పలకరించిన మనిషిని పోల్చుకోలేకపోతే ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకుంటాం. చెమట పట్టకపోవచ్చు కూడా. అప్పుడు చేయవలసింది థర్మామీటరు పెట్టడం, చల్లటి చోటికి మార్చడం, ఒంటికి తడిబట్ట చుట్టి ఫ్యాను వేయడం, 108కు ఫోన్ చేయడం. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. వంటమనిషి, వాచ్‌మన్‌తో సహా అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉండాలి. ఎందుకంటే అలాంటి సమయంలో పక్కన నర్సు ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఏప్రిల్, మే నెలలంటే ముహూర్తాల కాలం. ఊళ్లో పెళ్లి, జాతర అని సిబ్బంది సెలవులు పెట్టేదీ అప్పుడే. వాళ్లకూ ఇళ్లూ వాకిళ్లూ ఉన్నాయి, తప్పు పట్టలేం. సెలవులు ఎలా సర్దాలో ముందే చూసుకోని యాజమాన్యాన్ని మాత్రం తప్పు పట్టాల్సిందే.

భవనాల విషయానికొద్దాం. చాలా సేవాశ్రమాలు దాతలిచ్చిన స్థలంలో, విడతల వారీగా, చేతిలో డబ్బు ఉన్నంత మేరకు కట్టుకున్నవి. పైన రేకుల షెడ్డు, లేదంటే ఒట్టి స్లాబు. కప్పు మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేస్తే ఎండను కొంత తిప్పికొడుతుంది, గదిలో వేడి తగ్గుతుంది. తెలంగాణ 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశం ఇదే. ప్రభుత్వ భవనాలకు దాన్ని తప్పనిసరి చేసిన సర్కారు, ఆ వరసలో వృద్ధాశ్రమాలను మొదట నిలబెట్టి పెయింటు ఖర్చు తానే భరిస్తే ఖజానాకు వచ్చే నష్టం పెద్దగా ఉండదు. లేవలేని వాళ్లను వేసవి మూడు నెలలూ కింది అంతస్తుకు మార్చడానికి ఆ ఖర్చు కూడా అక్కర్లేదు. మధ్యాహ్నం పూట ట్యాంకులోంచి మరిగిన నీళ్లు వచ్చే కుళాయి కింద ముసలివాళ్లకు స్నానం చేయించే ముందు, పొద్దున్నే బకెట్లకు పట్టి ఉంచుకోవాలన్న ఆలోచన ఉంటే చాలు. కోస్తాలో ఇంకో చిక్కుంది. ఉక్కపోత రోజుల్లో కూలర్ పెట్టి తలుపులన్నీ బిగిస్తే గది చల్లబడకపోగా చెమట ఆరదు. పొడి ఎండల రెంటచింతలకు పనికొచ్చే ఏర్పాటు ఉక్కపోత కాకినాడకు పనికిరాదు.

ఇక దాతలకు ఒక మాట. పుట్టినరోజుకో, తద్దినానికో ఆశ్రమంలో భోజనం పెట్టించడం మన దగ్గర మంచి సంప్రదాయంగా స్థిరపడింది. కానీ రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటిదాకా అతిథుల కోసం, ఫొటోల కోసం పెద్దవాళ్లను ఆకలితో కూర్చోబెట్టి, ఆపైన పులిహోర, గారెలు, రెండు రకాల స్వీట్లు వడ్డించడం వాళ్లకు చేసే సేవ కాదు. ఆ డబ్బుతో రెండు కూలర్లు కొనవచ్చు, ఇన్వర్టర్ బ్యాటరీ మార్పించవచ్చు, రాత్రి డ్యూటీకి మరో మనిషి జీతం భరించవచ్చు. పండ్లు పంచుతున్న ఫొటో పేపరులో వస్తుంది, బ్యాటరీ ఫొటో రాదు. ఈ అలవాటులో మా పత్రికల వాటా కూడా ఉంది.

డబ్బు పెట్టి చేరిన సీనియర్ లివింగ్ కమ్యూనిటీల్లో సమస్య ఇంకోలా ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో ఇలాంటివి ఏటా పెరుగుతున్నాయి. విదేశాల్లో ఉన్న పిల్లలు చూసి, వాకబు చేసి, అడ్వాన్సు కట్టి అమ్మానాన్నలను చేరుస్తున్నారు. ఏసీ ఉంది, లిఫ్ట్ ఉంది, క్లబ్‌హౌస్ ఉంది. ఆ ఏసీ మాత్రం మధ్యాహ్నమంతా ఆఫ్‌లోనే ఉంటుంది. కరెంటు బిల్లు విడిగా వస్తుంది మరి! జీవితమంతా లైట్లు ఆర్పుకుంటూ తిరిగిన తరం అది. డాలర్లలో సంపాదించే కొడుకు ‘వేసుకో నాన్నా, నేను కడతాను’ అంటే ‘సరేలేరా’ అని ఫోన్ పెట్టేసి కిటికీ తెరిచి పడుకునే తండ్రులే ఎక్కువ. వేసవి మూడు నెలలకు కరెంటు ఖర్చును నెలసరి రుసుములో కలిపేస్తే ఈ పీనాసితనం బెడద ఉండదు. లేదా మధ్యాహ్నాలు అందరూ చేరే ఒక హాలును చల్లగా ఉంచి, అక్కడే సినిమా, భాగవతం, చదరంగం పెడితే బిల్లు టెన్షన్‌తో పాటు ఒంటరితనం కూడా తీరుతుంది.

వేసవి అంటే బతికి బయటపడటమేనా? పెద్దవాళ్లకు ఈ కాలంతో ఎన్నో అనుబంధాలు. ఆరుబయట మంచాలు, తాటిముంజెలు, బంగినపల్లి మామిళ్లు, రసాలు, సెలవులకు వచ్చిన మనవలు. ఆశ్రమంలో చేరగానే ఇవన్నీ మానేయాలని ఏ చట్టం చెప్పింది? ఉదయం ఐదింటికే నడక, పదిన్నరకల్లా భోజనం, పొద్దుగూకాక గచ్చు తడిపి దాని మీద కుర్చీలు, ఇలా దినచర్యను ఎండకు తగ్గట్టు జరిపితే పగలు గడిచిపోతుంది. ఆవకాయ రోజులు వచ్చినప్పుడు నాలుగు బుట్టల కాయలు తెప్పించి చూడండి. కత్తిపీట పని కుర్రాళ్లు చేస్తారు. ముక్కలకు జీడి తీసి, పొర ఒలిచి, పొడిబట్టతో తుడిచే పని మామ్మలదే. ఆవపిండి పాళ్ల దగ్గర గుంటూరుకూ గోదావరికీ తగువు రావలసిందే. మధ్యాహ్నాలు కునికిపాట్లు పడేవాళ్లు ఆ రెండు రోజులు కళ్లు మూయరు. బీపీ ఉంది కాబట్టి జాడీ వాళ్ల చేతికి ఇవ్వొద్దు గానీ, కలిపిన ముద్దలో ఒక ముక్క నంచుకోనివ్వడానికి డాక్టరు కాదనకపోవచ్చు.

విదేశాల్లోని పిల్లలు వచ్చేది కూడా ఎక్కువగా వేసవిలోనే. వచ్చిన పది రోజుల్లో అమ్మను తిరుపతి, అన్నవరం, నలుగురు చుట్టాల ఇళ్లు తిప్పేయాలన్న హడావుడి ఉంటుంది. ప్రేమే, సందేహం లేదు. ఏసీ కారులోంచి దిగి క్యూలో నిలబడేసరికి ఆ ప్రేమకు అమ్మ మోకాళ్లు, రక్తపోటు తట్టుకోవు. ఆ పది రోజుల్లో కొన్ని అమ్మ ఉంటున్న చోటే, అమ్మ గదిలోనే రాత్రిళ్లు గడిపితే ఆ గది ఎంత వేడెక్కుతుందో పిల్లలకు తెలుస్తుంది. నిర్వాహకులను ఏం అడగాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

చట్టం చేయవలసిన పనిని చట్టమే చేయాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకొకటి చొప్పున కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయమిచ్చే గృహాలు నెలకొల్పడం, వాటిలో ప్రమాణాలు నిర్ణయించడం రాష్ట్రాల చేతిలో పెట్టింది. విశ్రాంత గృహ సముదాయాలకు కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితాలకు కొదవ లేదు. కావలసింది, వేసవి తనిఖీ అనే ఒక పనిని వీటికి జోడించడం. ఫిబ్రవరి నెలాఖరుకల్లా జిల్లా వైద్యారోగ్య శాఖ, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కలిసి ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి ఆశ్రమానికి వెళ్లాలి. పై అంతస్తు గదిలో గోడకు థర్మామీటరు ఉందా, చల్లటి గది ఒక్కటైనా ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఎన్ని గంటలు నడుస్తుంది, రాత్రి ఎంతమందికి ఒక ఆయా, ఇవి అడిగితే చాలు. లేని చోట గడువు ఇవ్వాలి, పేద ఆశ్రమమైతే నిధులివ్వాలి, గడువు దాటితే కొత్తవారిని చేర్చుకోనివ్వకూడదు. లైన్ల మరమ్మతుకని పగటి పూట కరెంటు తీసే విద్యుత్ సంస్థలు ఆశ్రమాల జాబితా దగ్గర పెట్టుకుని ముందురోజే కబురు చేయాలి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు ప్రతి గదిలో, పెద్దక్షరాలతో, ముసలికళ్లకు ఆనేచోట అంటించాలి. ఆఫీసు గదిలో నిర్వాహకుడి కుర్చీ వెనక అంటిస్తే అది ఫిర్యాదు చేయాల్సినవాళ్లకు కనిపించదు.