స్విచ్‌లో బ్రౌజరే లేదు మహాప్రభో

మళ్ళీ వచ్చింది అదే మెసేజ్, ఉన్న గ్రూపులన్నిట్లోనూ. ఏ గేమ్ మెషీన్ (కన్సోల్) వాటా ఎంతో చూపించే గ్రాఫ్ ఒకటి, స్టాట్‌కౌంటర్ అనే వెబ్ లెక్కల సంస్థది, దాని కింద నాలుగు ముక్కలు: ప్రపంచమంతా సోనీ ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్సేనట, స్విచ్ తయారుచేసే నింటెండో పని జపాన్‌తో సహా అయిపోయిందట. జపాన్‌లో ఎక్స్‌బాక్స్ ఒక్కటి కూడా అమ్ముడుపోదట. కంపెనీలు చెప్పే నంబర్లన్నీ జనం ఇళ్ళల్లో ఉన్న మెషీన్లేనట. ఇండియాలో నింటెండో జీరో అట. పంపేవాళ్ళలో బాగా చదువుకున్నోళ్ళు, గేమ్ డెవలప్‌మెంట్ కోర్సు చేస్తున్న పిల్లలు కూడా ఉన్నారు, అందుకే ఇంత రాస్తున్నా.

జపాన్‌లో ఎక్స్‌బాక్స్ ఒక్కటి కూడా పోదు అన్నది ఉత్త మాట. ఎక్స్‌బాక్స్ 360 ఒక్కటే అక్కడ 16 లక్షల దాకా పోయింది, ఇప్పటి సిరీస్ మోడళ్ళు కూడా లక్షల్లోనే ఉన్నాయి. తక్కువే, కానీ జీరో కాదు. దీని మీద ఇంతకంటే టైం దండగ.

ఇళ్ళల్లో ఉన్న మెషీన్లు అన్నదీ తప్పే, సోనీ గానీ నింటెండో గానీ మూడు నెలలకోసారి చెప్పేది షాపులకి పంపిన లెక్క, అందులో కొన్ని ఇంకా గోడౌన్లోనే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ అయితే 2015 నుంచి ఎన్ని కన్సోళ్ళు అమ్మిందో చెప్పడమే మానేసింది. 2022లో బ్రెజిల్ ప్రభుత్వ సంస్థకి ఇచ్చిన కాగితాల్లో పీఎస్4 (ప్లేస్టేషన్ 4) మా ఎక్స్‌బాక్స్ వన్ కంటే రెట్టింపుకి పైగా అమ్ముడైందని వాళ్ళే రాసుకుంటే గానీ బయటికి రాలేదు.

అసలు గొడవ ఆ గ్రాఫ్‌తోనే. స్టాట్‌కౌంటర్ కన్సోళ్ళని లెక్కపెట్టదండీ, తమ కోడ్ పెట్టుకున్న వెబ్‌సైట్లని ఏ మెషీన్ నుంచి ఎన్ని సార్లు తెరిచారో లెక్కపెడుతుంది. అంటే కన్సోల్ కొని దాంట్లో వెబ్‌సైట్లు చూసేవాళ్ళ లెక్క అది! ఎక్స్‌బాక్స్‌లో ఎడ్జ్ బ్రౌజర్ ఉంది, పీఎస్4లోనూ బ్రౌజర్ ఉంది, పీఎస్5లో విడిగా బ్రౌజర్ యాప్ లేదు. స్విచ్‌లో మామూలుగా నెట్ చూసుకునే బ్రౌజరే లేదు, మరి ఆ గ్రాఫ్‌లో దానికి పర్సెంటేజీ ఎక్కడినుంచి వస్తుంది? టోల్‌గేట్ రసీదులు లెక్కపెట్టి, బైకులకి టోల్ లేదు కాబట్టి ఊళ్ళో బైకులే లేవు అన్నట్టుంది. 2025 మార్చి దాకా 15 కోట్లకి పైగా పోయిన మెషీన్ స్విచ్. ఒక్క జపాన్‌లోనే, ఫామిత్సు అనే అక్కడి గేమ్ పత్రిక లెక్కల్లో మూడున్నర కోట్లు దాటింది, అక్కడ పీఎస్5 ఇంకా 70 లక్షల దరిదాపుల్లో ఉన్నప్పుడే. 2025 జూన్‌లో స్విచ్ 2 మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు పోయింది. ఇదా పని అయిపోవడం? ఆ గ్రాఫ్ చూసి, రేపు ఆ కోర్సు చేస్తున్న పిల్లలు మన గేమ్‌కి స్విచ్ వెర్షన్ అనవసరం అని తేల్చేస్తే ఆ నష్టం ఎవరు కడతారు, ఫార్వర్డ్ నొక్కిన మీరా? స్టాట్‌కౌంటర్ వాళ్ళు ఏం దాచలేదు, పేజీ వ్యూలు అని వాళ్ళ సైట్లోనే రాసి పెట్టారు, ఆ ఒక్క లైను చదివే ఓపిక లేదు గానీ వందమందికి పంపే ఓపిక మాత్రం ఉంది మహానుభావులకి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, నింటెండో వైపు వాళ్ళకి నచ్చకపోయినా సరే. ఆ 15 కోట్లని 15 కోట్ల ఇళ్ళు అనుకోకూడదు. ఇంటికొకటి కాదు, మనిషికొకటి ఉండాలన్నది నింటెండో లక్ష్యమే. అన్నకొకటి, చెల్లికొకటి, పాతది పాడైతే ఇంకొకటి. ఏడాదిలో ఒక్కసారైనా ఆడినవాళ్ళ లెక్క వాళ్ళే విడిగా చెప్తారు, అది 12 కోట్ల పైచిలుకు. అమ్మిన నంబరు కంటే నాకు ఆ లెక్క మీదే ఎక్కువ నమ్మకం.

ఇక ఇండియా జీరో. 2017లో స్విచ్‌ని నింటెండో ఇక్కడ లాంచే చెయ్యలేదు కదా, మరి మన దగ్గర కనిపించేవన్నీ దుబాయ్ నుంచో అమెరికా నుంచో అన్నయ్యలు, బావలు తెచ్చినవి, లేదా గ్రే మార్కెట్లో బిల్లు లేకుండా కొన్నవి. అవి అమ్మిన దేశం ఖాతాలో పడతాయి. 90ల్లో మన ఇళ్ళల్లో టీవీకి తగిలించి క్యాసెట్లు మార్చి మార్చి ఆడిన ఆ 8-బిట్ నకిలీ మెషీన్లు ఎన్నో నింటెండోకే తెలీదు, ఏ కంపెనీ లెక్కలోనూ లేవు. లెక్కపెట్టనిదానికి సున్నా వేసేస్తారా? ఇండియా పర్సెంటేజీ అని ఈసారి ఎవరైనా పంపితే, అది ఎవరు ఏ దుకాణాల్లో ఎలా లెక్కపెట్టారో కూడా పక్కనే పెట్టి పంపండి, లేదా అసలు పంపకండి.