కర్త కనబడుట లేదు

మా నాన్నగారికి ఓ ఆఫీసు నుంచి ఇంగ్లిషులో ఉత్తరం వచ్చింది. ‘యువర్ అప్లికేషన్ హాజ్ బీన్ రిజెక్టెడ్.’ ఎవరు రిజెక్ట్ చేశారో కనుక్కుందామని వెళ్లాను. కింద కౌంటరులో ఆయన “నేను కాదండీ, పైనుంచి అలా వచ్చింది” అన్నాడు. పై అంతస్తులో ఆయన “కిందనుంచే అలా వచ్చిందండీ” అన్నాడు. మధ్యలో ఉన్నవి మెట్లు. కాబట్టి ఆ పని మెట్ల మీదే ఎక్కడో జరిగి ఉండాలి. మెట్ల పక్కన వాచ్‌మన్‌ను కూడా అడిగాను. నిజాయతీపరుడు. “నేను గేటు ఒక్కటే వేస్తాను సార్” అన్నాడు.

మా తొమ్మిదో తరగతి ఇంగ్లిషు మాస్టారి గొప్పతనం అప్పుడు తెలిసొచ్చింది. ‘రామా కిల్డ్ రావణా’ యాక్టివ్ వాయిస్, ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ ప్యాసివ్. చివర్లో ‘బై’ ముక్క అక్కర్లేదనుకుంటే తీసేయొచ్చు అన్నారాయన. మేం రెండు మార్కుల కోసం బట్టీపట్టాం. కొందరు దాంతోనే రిటైర్మెంటు దాకా నెట్టుకొస్తున్నారు.

పెద్దవాళ్లకూ ఇదే దిక్కు. ఇరాన్‌కు ఆయుధాలమ్మిన గొడవలో 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ‘సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నారు. పాపం, తప్పులు వాటంతటవే పుట్టాయి. రైలు లేటైతే ఇంగ్లిషులో ‘డీప్లీ రిగ్రెటెడ్’ అంటే సరిపోతుంది. తెలుగులో ‘చింతిస్తున్నాము’ అనాలి, ఆ ‘ము’ దగ్గర దొరికిపోతారు. అందుకే మనవాళ్లు ‘తగు చర్యలు తీసుకొనబడును’ కనిపెట్టారు. ‘గ్లాసు పగిలింది’ అనే మాట మనకూ ఉంది, కాదనను. కానీ అది పూర్తయ్యేలోపే వంటింట్లోంచి “ఎవడ్రా పగలగొట్టింది?” అని వినిపిస్తుంది. ఆఫీసులకు వంటిల్లు లేదు.

ఇదంతా నవ్వులాటే, ‘టూ లైవ్స్ వర్ లాస్ట్’ అనే దాకా. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. అయినా దించుతారు, చచ్చిపోతారు, మర్నాడు ‘లాస్ట్’ అంటారు. పోగొట్టుకోవడానికి అవేమన్నా గొడుగులా? మూత తీయమన్నదెవడు? నడుముకు తాడు కట్టి దించిందెవడు? మాస్కుల డబ్బు మింగిందెవడు? ‘బై’ అని రాసి పక్కన వాడి పేరు రాయండి!

నాన్నగారు మళ్లీ దరఖాస్తు పెట్టారు. ‘రిసీవ్డ్’ అని రసీదు ఇచ్చారు. సంతకం ఉండాల్సిన చోట రబ్బరు స్టాంపు ఉంది.