కథలు రాయొద్దన్నారు

ఎం.ఏ. తెలుగు చదివినదానివి హెల్త్ రీసెర్చ్‌లో ఏం చేశావ్ అని నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతుంటారు. ప్రతిసారీ చెప్పలేక ఇక్కడ రాసి పడేస్తున్నా. ఇకమీదట ఎవరడిగినా లింకు పంపేస్తా. పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. కోపం కూడా ఉంటుంది.

నా పని చావుల గురించి అడగడం. ఒక యూనివర్సిటీ ప్రాజెక్టులో రెండేళ్ళు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేశాను. ఊళ్ళో ఎవరైనా పోతే, దినాలయ్యాక ఆ ఇంటికి వెళ్ళి, దగ్గరుండి చూసినవాళ్ళని అడగాలి. జబ్బు ఎలా మొదలైంది, ఎక్కడెక్కడ చూపించారు, ఆఖరి గంటల్లో మనిషి ఎలా ఉన్నాడు, అన్నీ రాసుకురావాలి. దీన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. శవాన్ని కోసి చూసే బదులు బతికున్నవాళ్ళ మాటల్లోంచి చావుకి కారణం వెతకడమన్నమాట. మేం వీఏ అనేవాళ్ళం. ఊళ్ళో మాత్రం మేము 'చావుల సర్వే వాళ్ళం'.

ఇదెందుకూ అంటే, మన దేశంలో డాక్టరు కారణం రాసి సంతకం పెట్టిన చావులు తక్కువ. 2020 లెక్కల్లో, రిజిస్టరైన మరణాల్లో అవి 22.5 శాతమే. మిగతావాళ్ళు దేంతో పోయారో కాగితం మీద లేదు. ఏ జబ్బుకి డబ్బు పెట్టాలో, ఏ మందు పీహెచ్‌సీలో ఉంచాలో సర్కారు తేల్చుకోవాలంటే ఎవరో ఒకరు వెళ్ళి అడగాల్సిందే. కొత్త సంగతేం కాదు. 1600ల నాటి లండన్‌లో ఎవరైనా పోతే ఆ పేట చర్చి తరఫున ముసలమ్మలు వెళ్ళి కారణం కనుక్కొచ్చేవారు. ఆ లెక్కలన్నీ ముందేసుకుని 1662లో జాన్ గ్రాంట్ పుస్తకం రాశాడు, జనాభా శాస్త్రానికి ఆద్యుడయ్యాడు. ముసలమ్మల పేర్లు మాత్రం ఎవరికీ తెలీవు. ఈ ముక్క చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది.

సరే, ఫారం దగ్గరికి వస్తా. అందులో రెండు భాగాలుంటాయి. మొదటిది టిక్కుల భాగం. జ్వరం ఉందా, ఎన్ని రోజులు, దగ్గు ఉందా, కళ్ళె పడిందా. అవును, కాదు, తెలీదు. వంద దాటి ప్రశ్నలు. రెండోది అరపేజీ ఖాళీ జాగా. అక్కడ జరిగినదంతా వాళ్ళ భాషలో, వాళ్ళు చెప్పిన వరసలో రాయాలి. 2001 నుంచి రిజిస్ట్రార్ జనరల్ ఆఫ్ ఇండియా వాళ్ళూ, టొరంటో యూనివర్సిటీలో ప్రభాత్ ఝా గారి బృందమూ కలిసి చేసిన మిలియన్ డెత్ స్టడీలోనూ ఇంతే. రాసేది డాక్టర్లు కాదు, మామూలు సర్వే ఉద్యోగులు. స్థానిక భాషలో అరపేజీ. దాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి, చావుకి కారణం తేల్చి, ఆ జబ్బుకుండే కోడు వేస్తారు. కోడింగ్ అంటే ఇదే. ఇద్దరికీ కుదరకపోతే ఒకరి కారణాలు ఒకరికి చూపిస్తారు. అప్పటికీ తేలకపోతే మూడో సీనియర్ డాక్టరు తేలుస్తారు.

అంటే ఏంటి? డాక్టరు రోగిని చూడడు, నాడి పట్టుకోడు. ఆయన చేతిలో ఉండేవి ఆ టిక్కులూ, నేను రాసిన అరపేజీ తెలుగూ.

మరి ఆ అరపేజీ ఎలా రాయాలో మాకు ఎంతసేపు నేర్పారో తెలుసా? ట్రైనింగ్ ఆరు రోజులు. ట్యాబ్ ఎలా ఛార్జింగ్ పెట్టాలి అన్నదానికే ఒక గంట పట్టింది. అరపేజీకి దక్కింది ఆఖరి రోజు భోజనాలయ్యాక ఒక పూట. అందులోనూ వచ్చినాయన చెప్పింది ఒకే మాట. "కథలు రాయకండమ్మా. పాయింట్లు రాయండి."

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టను. ఎందుకంటే నా మొదటి పది ఫారాలు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "ఆ ఇంటి దీపం ఆరిపోయింది" అని రాశాను. ఇంకో దాంట్లో "మృత్యువు కబళించింది". కోడింగ్ చేసే డాక్టరు ఎర్ర ఇంకుతో తిప్పి పంపారు: "దీపం సంగతి సరే, జ్వరం ఎన్ని రోజులు?" చదువుకున్న సాహిత్యమంతా అక్కడ కక్కేశానన్నమాట. చచ్చిపోయిన మనిషి కన్నా నా వాక్యం ముందు కనపడింది.

కానీ పాయింట్లు రాసినవాళ్ళు ఏం రాశారో కూడా చూడండి. "జ్వరం. వాంతులు. ఫిట్స్. ఆసుపత్రి. మరణం." ఏది ముందు? ఏది వెనక? మధ్యలో గంట గడిచిందా, వారం గడిచిందా? ఆ డాక్టరేం చేసుకోవాలి దీన్ని?

ఇక్కడే నా ఎం.ఏ. పనికొచ్చింది. బాలవ్యాకరణం క్లాసులో క్త్వార్థకం (చేసి, వచ్చి), శత్రర్థకం (చేస్తూ, వస్తూ) అని చెప్తుంటే వెనక బెంచీలో నిద్రపోయినదాన్ని నేను. ఊళ్ళో తిరుగుతుంటే అవన్నీ ప్రాణం లేచి కూర్చున్నాయి. "పడిపోయి కాలూ చెయ్యీ రాకుండా పోయాయి" అంటే ఒక సంగతి. ముందు దెబ్బ తగిలింది. "కాలూ చెయ్యీ రాక పడిపోయాడు" అంటే ఇంకో సంగతి. ముందు పక్షవాతం వచ్చింది. మాటలు రెండిట్లోనూ దాదాపు అవే, వరస మారితే జబ్బు మారిపోతుంది. "పొలంలో పని చేస్తూ నొప్పి అన్నాడు", "పని చేసొచ్చి పడుకున్నాక నొప్పి అన్నాడు". పాయింట్లు రాస్తే రెండూ ఒకటే: నొప్పి. మన అసమాపక క్రియలన్నీ టైమ్ మోసుకు తిరిగే బండ్లు. పాయింట్లు రాయమన్న క్షణంలో ఆ బండ్లన్నీ దింపేసినట్టే.

ఇక మాటల సంగతి. 'గ్యాస్' తీసుకోండి. మన ఊళ్ళలో ఛాతీలో వచ్చే ప్రతి నొప్పీ గ్యాసే. "గ్యాస్ పట్టేసింది, సోడా తాగించాం, చెమటలు పోశాయి, బండెక్కిద్దామనేసరికి అయిపోయింది." ఇందులో 'చెమటలు పోశాయి' అన్నది రాయకుండా 'గ్యాస్ ట్రబుల్' అని రాసుకొస్తే ఆ చావు ఏ పొట్ట జబ్బు కిందకో పోతుంది. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో, 1 లక్షా 80 వేల మంది జనాభాలో ఇలాగే ఇంటింటికీ వెళ్ళి అడిగిన ఒక పరిశోధన 2006లో అచ్చయింది. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవాళ్ళు 32 శాతం అని తేలింది. పల్లెటూళ్ళలో జనం అంటురోగాలతోనే ఎక్కువ పోతారు, గుండెపోటు పట్నం వాళ్ళ జబ్బు అన్న నమ్మకం అక్కడ దెబ్బతింది. ఆ 32 శాతంలో ఎన్ని 'గ్యాస్'లు ఉన్నాయో అని నేను అనుకుంటూ ఉంటా.

'నెమ్ము' ఇంకో మాట. అది గోడకి పట్టిన చెమ్మ కావచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు కావచ్చు, పిల్లలకొచ్చే న్యుమోనియా కావచ్చు. "డొక్కలెగరేశాడా?" అని అడిగితే తప్ప తెలీదు. 'ఆయాసం' కూడా అంతే. "పడుకోలేకపోయేవాడమ్మా, రెండు దిళ్ళు ఆనించుకుని రాత్రంతా కూర్చునేవాడు" అన్న వాక్యం దొరికితే డాక్టరు చూపు గుండె వైపు తిరుగుతుంది. 'ఆయాసం: అవును' అన్న టిక్కు దగ్గర ఎటూ తిరగదు.

'పురుగు' అయితే మరీ. రాత్రిపూట పాము పేరు ఎత్తరు కదా మనవాళ్ళు. "పురుగు ముట్టింది" అంటారు. పొలంలో కొట్టేది పురుగుమందు. తాగి పోయినా పురుగుమందే. సర్వేకి వెళ్ళినవాడికి ఆ ఊరి మాట తెలియకపోతే ఒక చావు పోయి ఇంకో చావులో పడుతుంది. చిన్న విషయం అనుకోకండి. ఆ మిలియన్ డెత్ స్టడీ అరపేజీల్లోంచే 2011లో ఒక లెక్క వచ్చింది: 2005లో దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు సుమారు 46 వేలు. ఆసుపత్రుల నుంచి వచ్చే అధికారిక లెక్క కన్నా 30 రెట్లకి పైగా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే సుమారు 5,200. జనాభాతో పోల్చి చూస్తే అప్పట్లో మనమే ముందున్నాం, ఏం గొప్పో. పోయినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది ఏ ఆసుపత్రిలోనూ పోలేదు. ఇంట్లోనో, దారిలోనో. వాళ్ళు ఆసుపత్రి రిజిస్టర్లలో ఎలా కనపడతారు? ఎవరో వెళ్ళి వాళ్ళ అమ్మనో, పెళ్ళాన్నో కూర్చోబెట్టి అడిగితేనే కనపడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో 2017లో చేర్చింది. మన కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, 2030కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గించాలని.

ఇలాంటి కథల మీద పూర్తిగా ఆధారపడకూడదనీ నాకు తెలుసు. మలేరియా విషయంలో పెద్ద గొడవే అయింది. 2010లో ఇదే పద్ధతిలో మన దేశంలో ఏడాదికి 2 లక్షల 5 వేల మలేరియా మరణాలని లెక్క వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా అప్పటికి 15 వేలు. చలి, వణుకు, జ్వరం అని చెప్తే అది మలేరియానే అని ఇంటివాళ్ళ మాటని బట్టి ఎలా తేలుస్తారని సంస్థ వాళ్ళు అడ్డం తిరిగారు. న్యాయమైన ప్రశ్నే. జ్వరం కథలన్నీ ఒకలాగే ఉంటాయి. కానీ దానికి మందేంటంటే, కథ బాగా అడగడం, బాగా రాయడం. కథని తీసి పారేయడం కాదు.

ఇప్పుడు జరుగుతున్నది అదే. కోడింగ్‌కి డాక్టర్లు దొరకరు, ఖర్చు, ఆలస్యం. అందుకని కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. ఇంటర్‌వీఏ లాంటివి అవును, కాదు జవాబులు తీసుకుని నిమిషాల్లో కారణం చెప్పేస్తాయి. అరపేజీని చదవనే చదవవు. మా ప్రాజెక్టు రెండో ఏడాదిలో "నేరేటివ్ ఆప్షనల్" అన్నారు. నేరేటివ్ అంటే ఆ అరపేజీయే. ఆప్షనల్ అంటే తెలుసుగా, రోజుకి ఐదు ఇళ్ళు టార్గెట్ పెట్టినచోట ఎవరు రాస్తారు?

నాకు మండేది ఇక్కడ. మా క్యాంపస్‌లో తెలుగు శాఖకీ ఆ ఆరోగ్య విభాగానికీ మధ్య నడిస్తే పది నిమిషాలు. దారిలో టీ కొట్టు కూడా ఉంది. అటు మాండలికాల మీద, మౌఖిక కథల మీద పీహెచ్‌డీలు చేసినవాళ్ళు ఖాళీగా లెక్చరర్ ఉద్యోగాల నెట్ పరీక్షకి చదువుకుంటున్నారు. ఇటు 'పురుగు'కీ 'పురుగుమందు'కీ తేడా పట్టుకోలేని ఫారాలతో డేటా నింపుతున్నారు. ఒక్కసారైనా ఎవరూ ఆ పది నిమిషాలు నడవలేదు. కొలంబియా యూనివర్సిటీలో రీటా చారన్ అనే డాక్టరు ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ కూడా చేసి, 2000లో నేరేటివ్ మెడిసిన్ అని ఒక కార్యక్రమమే మొదలుపెట్టారు. రోగి చెప్పేది కథలాగా వినడం డాక్టర్లకి నేర్పిస్తారు. మనకి కథ వినడం ఒకరు నేర్పాలా అని మీరనొచ్చు. నేర్పాల్సి వచ్చింది, నేనే సాక్ష్యం.

క్రియేటివ్ రైటింగ్ అనగానే చాలామంది 'బాధ రాసుకుంటే తగ్గుతుంది' అనే వైపు వెళ్ళిపోతారు. దాని మీదా పరిశోధన ఉంది. 1986లో అచ్చయిన ఒక పరిశోధనలో పెన్నెబేకర్ అనే అమెరికా సైకాలజిస్టు, విద్యార్థుల చేత రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు మనసులో బాధ రాయించాడు. వాళ్ళు తర్వాతి నెలల్లో క్యాంపస్ ఆసుపత్రికి తక్కువ వెళ్ళారట. మంచిదే. కానీ నేను అడుగుతున్నది అది కాదు. చెప్పేవాళ్ళ మాట చెరగకుండా, మన కవిత్వం కలపకుండా, ఏది ముందు ఏది వెనకో తెలిసేలా అరపేజీ రాయడం. రాశాక చదివి వినిపించడం. ఆ చదివి వినిపించడం మా ఫారంలో లేదు. నేనే చేసేదాన్ని, దొంగతనంగా.

ఒక ఇల్లు చెప్తా. ఊరూ మనుషులూ గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను. కుర్రాడికి పాతికేళ్ళు లోపే. కోతల రోజులు. పొలం నుంచి వచ్చి, తిని, కింద చాప మీద పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక కడుపునొప్పని లేచాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. రెప్పలు వాలిపోతున్నాయి. "తాగొచ్చాడనుకున్నామమ్మాయ్" అంది వాళ్ళమ్మ. సోడా పోస్తే ముక్కులోంచి వచ్చేసింది. తెల్లారకముందే ఊపిరి ఆగిపోయింది. టిక్కుల్లో ఏం పడిందో చూడండి. మద్యం అలవాటు: అవును. విషజంతువు కరిచిందా: లేదు. గాయం: లేదు.

అరపేజీ రాసి చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. కుడి రెప్ప వాలిపోయింది అని చదివేసరికి ఆపింది.

"కుడిది కాదు, రెండూనూ. నేను వేళ్ళతో ఎత్తిపట్టుకుంటే నన్ను చూశాడు. తెలివి ఉంది వాడికి. వదిలేస్తే మళ్ళీ మూసుకుపోయేవి."

కొట్టేసి రాశాను. రెండు వారాలకి డాక్టరు గారు ఫోన్ చేశారు. "ఆ రెప్పలు ఎత్తిపట్టుకున్నది ఆవిడ చెప్పిందా, నువ్వు కల్పించావా?"

"ఆవిడే చెప్పింది సార్. ఆవిడ మాటే."

"అయితే కట్లపాము. నిద్రలో కరిస్తే నొప్పి తెలీదు, గాటు కనపడదు."

ఇంటివాళ్ళకి కారణం చెప్పే ఏర్పాటు మా ప్రాజెక్టులో లేదు. చెప్పకూడదని రూలు కూడా. ఆ ఊరి ఆశా వర్కర్ మొన్న ఫోన్‌లో మాటల మధ్య అంది, ఆ కుర్రాడు తాగి పోయాడనే ఇప్పటికీ అందరూ అంటారట.