కొడుకు మారకపోతే తల్లికి విశ్వాసం లేనట్టా?

దయచేసి ఈ మాట అనడం ఆపండి. "నీ విశ్వాసం చాల్లేదమ్మా, అందుకే మీవాడు ఇంకా మారలేదు" అనే మాట. గాజువాక వెళ్లినా మల్కాపురం వెళ్లినా ప్రార్థన కూటాల్లో ఇదే వినిపిస్తోంది, కన్నబిడ్డ కోసం ఏళ్ల తరబడి మోకాళ్ల మీదున్న తల్లిని పట్టుకుని, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఒక్కసారి వెళ్లి చూడనివాళ్లు అంటున్నారు. మా మేనత్తనీ అన్నారు. బావ తాగుతాడు, మందిరం గుమ్మం ఎక్కి చాలా ఏళ్లైంది, అత్త మాత్రం తెల్లారుజామునే లేచి బావ పేరెత్తి ప్రార్థన చేశాకే స్టవ్ వెలిగిస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చి "అంతా నా వల్లేనేమోరా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

యేసు ప్రభువే స్వయంగా పేతురు కోసం వేడుకున్నానని చెప్పాడు, లూకా 22 తీసి చదవండి. అదే రాత్రి పేతురు ఆయనెవరో నాకు తెలీదని మూడుసార్లు బొంకాడు. మరి అక్కడ ఎవరి విశ్వాసం తక్కువైందంటారు?

పాతకాలపు గొప్ప క్రైస్తవ గురువు అగస్టీన్ తల్లి మోనికా సంగతి చూడండి. కొడుకు 383లో కార్తేజ్ వదిలి రోముకి పోతానంటే వద్దని ఏడ్చింది, ఓడ కదలకూడదని రాత్రంతా ప్రార్థన చేసింది, తెల్లారేసరికి కొడుకు ఆవిడకి చెప్పకుండా ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అడిగింది ఆవిడకి దొరకలేదు. కానీ వద్దన్న ఆ ఇటలీలోనే మిలాన్‌లో బిషప్ అంబ్రోస్ ప్రసంగాలు విన్నాడు, 387 ఈస్టర్‌కి ఆయన చేతుల మీదుగానే బాప్తిస్మం తీసుకున్నాడు, తల్లి కళ్లారా చూసింది, ఆ ఏడాదే కన్నుమూసింది. ఆ ఓడ వెళ్లిపోయిన పొద్దున మనవాళ్లెవరైనా రేవులో ఉండుంటే ఆవిడకి ఏం చెప్పేవాళ్లో నాకు బాగా తెలుసు.

ఉజ్జీవం ఉజ్జీవం అని స్టేజీలూ సౌండ్ బాక్సులూ పెడుతున్నాం కదా. 1854 జనవరి 1న తెల్లారకముందే ఒంగోలు కొండెక్కి ప్రార్థించింది ఐదుగురే, అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జూయెట్ దొర, దొరసాని, ఇంకో ముగ్గురు తెలుగువాళ్లు. అసలు వాళ్ల తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో మాట్లాడుకుంటున్న రోజులవి. ఆ మిషన్‌కే చెందిన క్లౌ దొర ఒంగోలు వచ్చిందే 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయని అందరం చెప్పుకుంటాం, మధ్యలో గడిచిన ఆ 24 ఏళ్ల గురించి మాత్రం ఎవరూ ప్రసంగం చెయ్యరు. మన వైజాగ్‌కే 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అని ఇద్దరొచ్చారు, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తర్జుమా చేశారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు, సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యింది 1812లో. అచ్చు పుస్తకాన్ని చేత్తో పట్టుకోకుండానే వెళ్లిపోయారు. వాళ్లకీ విశ్వాసం చాల్లేదంటారా?

ఇన్ని రోజులు ఉపవాసముంటే కొడుకు మారతాడు, ఈ నూనె రాస్తే మందు మానేస్తాడు అని గ్యారంటీ ఇచ్చేవాళ్లకి ఆ మాట ఇచ్చే అధికారం ఎవరిచ్చారో చెప్పండి.

ఇంకోటి, ఇది నన్ను ఇంకా బాధపెట్టేది. ప్రేయర్ రిక్వెస్ట్ పేరుతో మనిషి పేరూ, తాగుడూ, అప్పులూ అన్నీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి ఫార్వర్డ్ చేస్తున్నారు, మైకులో చదువుతున్నారు. బావ ఒక ఆదివారం ఎవరూ పిలవకుండానే మందిరం గేటు దాకా వచ్చాడు, లోపల మైకులో తన పేరు విని అట్నుంచటే వెనక్కెళ్లిపోయాడు. నేను చూశాను. తలుపేసుకుని రహస్యంగా ప్రార్థించమని ప్రభువు చెప్పింది మనకే కదా, మరి పక్కింటివాళ్ల కొడుకు విషయానికి వచ్చేసరికి అది ఎందుకు గుర్తురాదు?

ప్రార్థన తగ్గించమని కాదు నేననేది, ఇంకా చెయ్యమనే. ఆ తల్లి పక్కన మోకరించండి, ఆవిడకి ఓపిక లేని రోజు ఆవిడ బదులు మీరు అడగండి. ఆ కుర్రాణ్ణి బీచ్ రోడ్డుకి తీసుకెళ్లి టీ తాగించండి, వాక్యం ఎత్తకుండా, వాడు చెప్పేది వినండి. తాగుడుకి వైద్యం ఉంది, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే దేవుడేం కోప్పడడు.

ఈ శుక్రవారం కూటానికి అత్తతో పాటు నేనూ వస్తున్నా. మళ్లీ ఎవరైనా ఆవిడతో ఆ మాటంటే అందరి ముందే లేచి మాట్లాడతా, ముందే చెప్తున్నా.