చొక్కా విప్పినట్టేనట!

స్నేహితుడి నాన్న పోయారని పొద్దున్నే గ్రూపులో మెసేజ్. వాడు పాపం రెండు లైన్లు రాశాడో లేదో, ఒక పెద్దాయన దిగిపోయారు. "ఏడవకు బాబూ, ఆత్మకు చావు లేదు. నాన్న పాత చొక్కా విప్పేశారు, అంతే." కింద వరసపెట్టి ఆమెన్లు.

చొక్కానా? వాణ్ని చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పింది ఆ చొక్కాయే కదండీ!

పైగా ఇది బైబిల్ బోధ అట. దేహం జైలు, ఆత్మ దానంతటదే చావులేనిది అని వాదించింది గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన 'ఫీడో' అనే పుస్తకం. క్రీ.పూ. 399లో ఆయన గురువు సోక్రటీస్ మరణశిక్షగా విషం తాగిన రోజు కథ అది. అందులో ఏడుస్తున్న స్నేహితుల్ని కసిరేది సోక్రటీసే. ఇలాంటివి ఉండకూడదనే ఆడవాళ్లను పంపించేశాను అంటాడు కూడా. మన పెద్దాయన డైలాగు ఎవరిదో అర్థమైందిగా. తమాషా ఏంటంటే చొక్కా లాంటి పోలిక అక్కడా ఉంది. కెబీస్ అనే స్నేహితుడు ఆ పోలికతోనే అడ్డు తగులుతాడు: నేతగాడు ఎన్నో బట్టలు నేసుకుని చింపేస్తాడు సరే, ఆఖరి బట్ట చిరగకముందే తనే పోతాడు కదా, ఆత్మ సంగతీ అంతేనేమో అని. సోక్రటీస్ కూర్చుని ఓపిగ్గా జవాబిచ్చాడు. మా గ్రూపులో అడిగి ఉంటే రిమూవ్ చేసేవారు.

మరి యేసు? సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో, ఈ గిన్నె (అంటే ఆ చావు బాధ) తొలగించమని తండ్రిని బతిమాలుకున్నాడు. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు. ఆస్కార్ కుల్మన్ అనే బైబిల్ పండితుడు 1955లో హార్వర్డ్‌లో సోక్రటీస్ మరణాన్నీ యేసు మరణాన్నీ పక్కపక్కన పెట్టే మాట్లాడాడు, విశ్వాసులతోనే తిట్లు తిన్నాడు. పౌలుకి మరణం "కడపటి" శత్రువు. శత్రువు చేతిలో దెబ్బ తిన్నవాణ్ని "ఏం కాలేదులే" అంటామా? చర్చిలో చెప్పే విశ్వాస ప్రమాణంలో "శరీర పునరుత్థానము" (శరీరం మళ్లీ లేవడం) అని వల్లిస్తాం, బయటికి రాగానే ఆ శరీరమే పాత చొక్కా అయిపోతుంది.

"నేడు నీవు నాతో కూడ పరదైసులో ఉందువు" అని పక్క సిలువ మీది దొంగతో యేసు అనలేదా అని ఎవరో వస్తారు, తెలుసు. అన్నాడు. చనిపోయినవాళ్ల ఆత్మ నిద్రపోదని ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ ఏకంగా పుస్తకమే రాశాడు. చర్చించుకోండి, నాకూ ఇష్టమే. శవం పక్కన మాత్రం వద్దు.

అసలు నా మంట ఇవాళ్టిది కాదులెండి. అమ్మ పోయినప్పుడు పెట్టె మూసేస్తుంటే నేను గట్టిగా ఏడ్చాను. ఒకాయన వచ్చి చెవిలో, "అవిశ్వాసిలా ఏంటిది? అందరూ చూస్తున్నారు" అన్నారు. ఆపేశాను. ఆయన మాట విని ఆపేశాను చూడండి, అదీ నా కోపం. పౌలు "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దన్నాడు, అసలు దుఃఖమే పడొద్దనలేదు. ఆ సగం వాక్యం మింగేసి ఎంతమంది నోళ్లు నొక్కారో. అమ్మ చేతుల్ని చివరిసారి సరిగ్గా చూసుకోలేదు నేను. మళ్లీ లేచేది ఆ చేతులతోనే అని నమ్మేవాణ్ని, చూసుకోవద్దా?

ఇందాక గ్రూపులో ఏమీ వాదించలేదు. యోహాను 11:35 పెట్టాను. "యేసు కన్నీళ్లు విడిచెను." మూడు మాటలు. రెండు గంటలైంది, ఒక్క ఆమెన్ రాలేదు.